పాతబండి కొనువా రడుగవలసిన యొక్క ప్రశ్న



మన పల్లెలలో సంతకు పోయి యెద్దును కొనువాడు ముందుగా దాని నోరు తెఱపించి పండ్లు చూచును. పిదప సుడులు చూచును. నాలుగడుగులు నడిపించి కాలి పోకడ చూచును. కాడి మోసిన మెడపై చేయి వైచి, కాయ కట్టినదో పుండు పడినదో తడవి చూచును. ఇంతయు నైన తరువాతనే గుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడును. దానమిచ్చిన గోవు పండ్లు లెక్కింపరాదని సామెత గలదు గాని, సొమ్మిచ్చి కొన్న గోవు పండ్లు లెక్కింపరాదని యే పెద్దయు చెప్పియుండలేదు. ఎద్దు విషయమున నింత జాగరూకత చూపు మనము, యంత్రము విషయమున రంగును మెఱుగును ధరను మాత్రము చూచి తృప్తినొందుచున్నాము. ఈ మాసమున నీ సంగతి వ్రాయుటకు మా చెల్లెలు పంపిన జాబు కారణము.

నా పినతల్లి కుమార్తె యొకతె యమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నది. మా మఱది యచ్చట పాతదైన పికప్పు బండి నొకదానిని కొనదలచినాడట. పికప్పనగా ముందు కూర్చుండు గదియు, వెనుక మూతలేని తొట్టియు గల వాహనము. మన యూళ్లలో కూరగాయలను, పాలకేనులను చేరవేయు చిన్నబండ్లకు దగ్గఱి చుట్టము. అచ్చట దానిని సరకులకే గాక, పిల్లలను బడికి దింపుటకును, అంగడికి పోవుటకును గూడ వాడుదురు. చెల్లెలి జాబులో బండి రంగును గూర్చి యాఱు పంక్తులును, తోలు ఆసనములను గూర్చి నాలుగు పంక్తులును, ధర చౌక యనుటకు మూడు పంక్తులును గలవు. “అక్కయ్యా, ఎఱుపు మాకు కలిసి వచ్చునా? బేరము ముగించుట కే వారము మంచిది?” అని తుదిని అడిగినది.

నేను బండి నడుప నెఱుగను. కాని యిట్టి సంగతులను గూర్చి చదువుట నాకొక యలవాటు. రంగును, వారమును విడిచిపెట్టి నేనామెకు తిరిగి యొక్క ప్రశ్న మాత్రము వ్రాసితిని: “ఆ బండిమీద రీకా లేదైన మిగిలియున్నదా?” “రీకాలనగా నేమి అక్కయ్యా?” అని మరునాడే బదులు వచ్చినది. ఆమె పట్టభద్రురాలు. ఎనిమిదేండ్లుగా నచ్చట కారు నడుపుచున్నది. ఆమెకే తెలియనిచో మఱి యెందఱికి తెలియకున్నదో యని నాకు తోచి, తెలిసికొన్నంత మట్టునకు మీ యందఱకు వ్రాయుచున్నాను.

తయారుచేసిన కంపెనీయే “మేము చేసిన ఫలానా సంవత్సరపు బండ్లలో నీ భాగమున లోపము గలదు, దానివలన ప్రాణాపాయము కలుగవచ్చును, తెచ్చిన యెడల మేమే ఉచితముగా బాగుచేసి యిత్తుము” అని వానిని వెనుకకు పిలుచుటయే రీకాలు. అమెరికాలో దీనికి 1966లో చట్టము చేసిరి. రహదారి భద్రతను చూచు ప్రభుత్వ సంస్థ యొకటి యచ్చట గలదు, దానిని ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. యందురు. కంపెనీ తన లోపము నా సంస్థకు తెలిపి, పిదప 60 దినములలో బండి యజమానులకు టపాలో జాబు వ్రాయవలెను. బాగుచేయుటకు యజమాని నుండి పైకము పుచ్చుకొనరాదు.

ఇచ్చటనే చిక్కున్నది. ఆ జాబు రిజిస్టరులో నున్న పేరునకు, అందున్న చిరునామాకు పోవును. మొదట కొన్నవాడు బండినమ్మి వేఱొక యూరికి పోయినచో జాబు తలుపునొద్దనే పడి చినుగును. లేదా యాతడు చదివి, “నాకిప్పుడా బండి లేదు గదా” యని పాఱవైచును. రెండవవానినుండి మూడవవానికి, మూడవవానినుండి నాలుగవవానికి బండి చేతులు మాఱినకొలది జాబునకును బండికిని దూరము పెరుగును. లోపము మాత్రము బండిని విడువక వెంట వచ్చును. పాతబండిని కొన్న యిల్లాలికి లోపము దక్కును, దానిని తెలుపు జాబు దక్కదు.

మఱి యమ్మువాడు చెప్పవలదా యని మీరడుగుదురు. క్రొత్తబండిపై రీకాలుండగా బాగుచేయక యమ్మరాదని యమెరికా చట్టము శాసించుచున్నది. పెద్ద సంఖ్యలో బండ్ల నద్దెకిచ్చు సంస్థలును బాగుచేయనిదానిని అద్దెకీయరాదని 2016 నుండి నిబంధన గలదు. కాని పాతబండి నమ్మువానికి మాత్రము దేశమంతటికి వర్తించు నట్టి నిషేధము లేదు. ఒక దినము అద్దెకు తీసికొనువానికి గల రక్షణ, తన సొమ్ముతో కొని పదేండ్లు పిల్లల నెక్కించుకొని తిరుగువారికి లేదు. కావున అడుగవలసిన భారము కొనువారిమీదనే పడుచున్నది.

ఇది యెంతటి భారమో తెలియుటకు ఫోర్డు వారి రేంజరను పికప్పు కథను చెప్పెదను. ప్రమాదసమయమున నొక్క లిప్తలో నుబ్బి మనిషిని కాపాడుటకు బండి ముందుభాగమున ఎయిర్‌బ్యాగులను గాలిసంచులను అమర్చుదురు. వానిని ఉబ్బించుటకు లోన నొక లోహపు డబ్బీయు, దానిలో మందును ఉండును. తకాటా యను జపాను కంపెనీ తన డబ్బీలలో నమోనియం నైట్రేటును వాడినది. ఏండ్లతరబడి వేడిమియు తేమయు తగిలిన కొలది ఆ మందు చెడును. అట్లు చెడినది చిన్న తాకుడు ప్రమాదమున గూడ మితిమీఱి ప్రేలి, డబ్బీని చీల్చి, లోహపు తునుకలను ఎదుట కూర్చున్నవారిమీదికి చిమ్మును. కాపాడుటకు పెట్టినదే కత్తియై గ్రుచ్చుకొనును. 2015 డిసెంబరులో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున 2006 నాటి రేంజరు బండి నడుపుచున్నవా రొకరిట్లు మరణించిరి. 2017 జూలైలో పశ్చిమ వర్జీనియాలో మఱియొకరు మరణించిరి. విచారింపగా నా రెండు డబ్బీలును ఒకే దినమున తయారైనవని తేలినది. 2018 జనవరిలో ఫోర్డు వారు ఆ కాలపు బండ్లు సుమారు 2,900 గలవారితో “బాగుచేయించు వఱకు వానిని అసలు నడుపకుడు” అని చెప్పిరి. మరుసటి నెలలో నింకను 33,000 బండ్లను ఆ జాబితాలో చేర్చిరి.

ఈ తకాటా సంచులవలన నమెరికాలో మొత్తముమీద 20 మందికి మించి చనిపోయిరి. వేడిమియు తేమయు నెక్కువగా నుండు దక్షిణపు సముద్రతీర రాష్ట్రములలో నపాయ మధికము. మా చెల్లెలున్న టెక్సాసు వానిలో నొకటి. బాగుచేయించిన బండి యైనను ఒక్కమాఱు చూచి యూరకుండరాదు. అదివఱకు క్రొత్త డబ్బీలు పెట్టిన రేంజరు బండ్లలోనే కొన్నింట వానిని సరిగా బిగింపలేదేమో యని, 2023లో వానిని మరల పిలిచిరి.

ఇక రెండవ ఉదాహరణము. టొయోటా వారి టకోమా యను పికప్పు పాతబండ్ల బజారులో మిక్కిలి గిరాకి గలది. మోటారు చెడదని దానికి పేరు. కాని దాని యజమానులు చిరకాలముగా మొఱపెట్టుకొన్నది మోటారును గూర్చి కాదు, చట్రమును గూర్చి. మోటారును, గదిని, తొట్టిని మోయు నినుప చట్రమునే ఛాసిస్ అందురు. మన యింటికి దూలములెట్లో బండికిది యట్లు. ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున మంచు కరుగుటకై రోడ్లమీద నుప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు పెట్టెవలె మూసియున్న చట్రములోనికి చేరి, లోపలినుండి తుప్పు పట్టించును. పైకి చెక్కు చెదరినట్లుండదు. ఒకనాడు సుత్తితో తట్టినచో నప్పడమువలె పగులును. పైన పటారము, లోన లొటారము అన్న మాట దీనికి సరిగా సరిపోవును.

1995 మొదలు 2000 వఱకు వచ్చిన టకోమాలకు కంపెనీ 2008లో 15 ఏండ్ల పూచీ నిచ్చి, బాగుచేయ వీలులేని వానిని బజారు ధరకు ఒకటిన్నర రెట్లిచ్చి తానే తిరిగి కొన్నది. పిదప 2005 మొదలు 2010 వఱకు వచ్చిన టకోమాలను గూర్చియు మొఱలు రేగి, న్యాయస్థానమున దావా నడచి, 2016లో రాజీ కుదిరినది. టండ్రా, సెక్వోయా యను మఱి రెండు తెగల బండ్లు గూడ నందు చేరినవి. మొదట నమ్మిన దినమునుండి 12 ఏండ్ల వఱకు చట్రమును పరీక్షించి, తుప్పు తినివేసినచో క్రొత్తది వేయుదుమని యందలి ముఖ్యాంశము. అనగా 2010లో నమ్మిన బండికైనను ఆ గడువు 2022తో తీఱినది. నేడు కొనువానికి దానివలన ప్రయోజనము లేదు. మఱియు నిది రాజీయే గాని రీకాలు కాదు గనుక, ప్రభుత్వపు రీకాలు పట్టికలో వెదకినను కనబడదు. పట్టిక శుభ్రముగా నున్నంత మాత్రమున చట్రము శుభ్రమని తలపరాదని దీనివలన గ్రహింపుడు.

రీకా లైనదియు నా బండికే కలదు. టకోమా వెనుక చక్రములమీద బరువునాపు కమానుకట్టలు పని ఒత్తిడివలనను తుప్పువలనను విఱిగి, విఱిగిన పలక ప్రక్కకు జరిగి, పెట్రోలు తొట్టి మొదలగు వానికి తగులవచ్చునని, 2014లో 2005–2011 సంవత్సరముల బండ్లను సుమారు 6,90,000 వెనుకకు పిలిచిరి. 2009లో కాలిక్రింద పఱచు మ్యాటు యాక్సిలరేటరును పట్టివేయుననియు పిలిచిరి. ఈ రెండవది యిల్లాలి కన్నులకే యందునట్టిది. పాతబండి కొన్నపుడు పూర్వపు యజమాని యొకదానిమీద నొకటిగా పఱచిన మ్యాటులను తీసివైచి, ఆ బండికై కుట్టిన దానినొక్కదానిని కొక్కెమునకు తగిలించి పఱపుడు. ఖర్చు లేని పని, ప్రాణము నిలుపు పని.

యజమానుల మొఱలను చదువు పద్ధతి యొకటి చెప్పవలసియున్నది. అమెరికా ప్రభుత్వ సంస్థ బండి యజమానులు పంపిన ఫిర్యాదులను ఎల్లరును చూచునట్లుంచును. ఒకరి ఫిర్యాదు ఋజువు కాదు; అత్తగారిమీద కోడలు చెప్పినదంతయు సత్యము కానట్లే, బండిమీద కోపముతో వ్రాసినదంతయు సత్యము కాదు. కాని పదిమంది, ఒకరినొకరెఱుగనివారు, ఒకే సంవత్సరపు బండిని గూర్చి ఒకే మైలు లెక్క దగ్గఱ ఒకే మాట చెప్పినచో దానిని చెవిని పెట్టవలెను. అట్టివి పోగై విచారణకు దారితీయును, విచారణ రీకాలునకు దారితీయును. తలుపు కిఱ్ఱుమనుట, రంగు వెలియుట, పాటల పెట్టె పలుకకుండుట వంటివి విసుగు పుట్టించు మొఱలు; ధర తగ్గించుకొనుటకు పనికివచ్చును. బ్రేకు, స్టీరింగు, పెట్రోలు కారుట, చట్రము, గాలిసంచి, ఇవి ప్రాణమునకు సంబంధించిన మొఱలు. మొదటివానికి బేరమాడుడు. రెండవవాని విషయమున బేరములేదు.

నలోపాఖ్యానమున బాహుకుడు ఋతుపర్ణుని శాలలో బక్కచిక్కిన గుఱ్ఱములనే యేఱుకొనగా రాజు సంశయించినాడు. ఆ సారథి మేని కండను చూడలేదు, లక్షణములను చూచినాడు. మనకు గుఱ్ఱపు సుడులు తెలియవు గాని, బండికిని లక్షణము చెప్పు నొక గుర్తు గలదు. అదియే దాని నంబరు. అమెరికాలో 1981 నుండి ప్రతి బండికిని 17 అక్షరాంకములు గల నంబరొకటి యుండును. నడుపువాని ముందటి అద్దము క్రింది మూలను వెలుపలినుండి చూచినను కనబడును. తలుపు తీసినచోట నంటించిన చీటిమీదను ఉండును. అందు ఐ, ఓ, క్యూ అను మూడక్షరములు వాడరు; కావున గుండ్రముగా కనబడినది సున్నయే యని యెఱుగునది. దానిని ప్రభుత్వ సంస్థవారి పుటలో వ్రాసినచో, ఆ బండికి గడచిన 15 ఏండ్లలో వచ్చి యింకను బాగుచేయని రీకాలు లేమేమి గలవో నిముసములో చెప్పును. రుసుము లేదు. అమ్మువాని యనుమతియు నక్కఱలేదు.

వయసు మీఱిన బండి విషయమున నింకొక హెచ్చరిక. ఉచితముగా బాగుచేయవలెనను చట్టపు నిర్బంధము బండిని మొదట కొన్న నాటినుండి 15 ఏండ్ల వఱకే. అంతకు పాతవానిని కంపెనీలు పెక్కుమాఱులు బాగుచేయుచునే యున్నవి గాని, అది వారి యిష్టము. ముందుగా నడిగి తెలిసికొనవలెను.

చెల్లెలికి నేను వ్రాసి పంపిన క్రమమిది. బేరమునకు ముందు నంబరు చూడుము. రీకాలు మిగిలియున్నచో అమ్మువానినే బాగుచేయించి, చేసిన కాగితము చూపుమనుము. బండిని పైకెత్తించి, నమ్మకమైన మెకానికుచేత చట్రమును లోపలి వైపున తట్టి చూపింపుము. క్రొత్తగా నల్లరంగు పూసియున్నచో దానిక్రింద నేమున్నదో యడుగుము. స్టెప్నీ వ్రేలాడు చోటును, బ్రేకు గొట్టములను చూపింపుము. బండి యే రాష్ట్రమున తిరిగినదో కాగితములలో చూడుము. మీ యూరు వేడిదైనను బండి మంచుదేశమునుండి వచ్చియుండవచ్చును. 2017లో హార్వీ తుపాను వచ్చి హ్యూస్టను నగరము మునిగినపుడు లక్షలకొలది బండ్లు నీట నానినవి; ఆసనముల క్రింద బురద జాడయు, ముక్క వాసనయు నున్నచో లేచి రమ్ము. కొన్న పిదప నీ పేరును చిరునామాను కంపెనీకి తెలుపుము. ఇకమీద వచ్చు జాబు నీ యింటికే వచ్చును. సంవత్సరమునకు రెండుమాఱులు నంబరును మరల చూడుము.

మన దేశమున నున్నవారును ఇది దూరదేశపు గొడవ యనుకొనరాదు. ఇచ్చట కంపెనీలు 2012 నుండి తమంత తామే బండ్లను వెనుకకు పిలుచుచుండెను. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, 2021 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వమే కంపెనీని నిర్బంధించి పిలిపింపవచ్చును. ఆ నియమములు ఏడేండ్లు నిండని బండ్లకు వర్తించును. మన జిల్లాలలో పాలకు, కూరలకు, పెండ్లి సామానులకు తిరుగు చిన్న సరకు బండ్లు పలుమాఱు చేతులు మాఱుచుండును. “పేరెందుకులే, కాగితము నా దగ్గఱ నున్నది గదా” యని రిజిస్టరున పేరు మార్పించుకొననివారు కొల్లలు. పేరు మాఱనిచో జాబును రాదు. కొన్న 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెనని చట్టమే చెప్పుచున్నది. మీ యింటివారిని అడుగుడు. మాటదాట వేసినచో మరల అడుగుడు.

ఇక చెల్లెలి బేరమేమైనదో చెప్పి ముగించెదను. ఆ బండి పేరును, అమ్మువాని పేరును నేను వ్రాయను. నంబరు కొట్టి చూడగా గాలిసంచిని గూర్చిన రీకాలొకటి బాగుచేయక మిగిలియున్నదని తేలినది. అది ముందు కూర్చుండువాని వైపున నున్న సంచి. ఆ బండికి వెనుక ఆసనము లేదు. బడికి పోవు నపుడు మా చెల్లెలి చిన్నవాడు కూర్చుండవలసిన చోటదియే. అమ్మువానిని బాగుచేయించి యిమ్మని యడిగిరి. “ఇన్నేండ్లు నేను నడిపితిని, ఏమియు కాలేదు” అని యాతడనినాడు. ఉచితముగా చేయుదురని చెప్పినను, దానికొక దినము పోగొట్టుకొనుట కిష్టపడలేదు. మా మఱదికి కొంచెము మనస్సు పీకినది, ధర చౌక గదా యని. చెల్లెలు మాత్రము వలదనినది. తిరిగి వచ్చిరి.

నాలుగు దినముల తరువాత నామె మరల వ్రాసినది. “అక్కయ్యా, ఆ ఎఱ్ఱబండి యమ్ముడైపోయినది. కొన్నవారెవ్వరో నాకు తెలియదు. వారికి చెప్పినవారున్నారో లేదో! దారిలో ఎఱ్ఱబండి కనబడినపుడెల్ల ముందుసీటులో నెవరైన పసివారున్నారా యని చూచుచున్నాను.”

ఆమెకు నేనేమి బదులు వ్రాయుదును? కొన్నవారిని వెదకి చెప్పుట మన చేతిలో లేదు. మన చేతిలో నున్న దింతమాత్రమే: మీకు చెల్లెండ్రో, ఆడపడుచులో, కోడండ్రో ఆ దేశమున నున్నచో, ఈ మారు జాబున క్షేమసమాచారములు వ్రాసిన పిదప, “మీ బండి నంబరు చూచుకొంటిరా?” అని యొక్క పంక్తి చేర్చుడు. బదులు వచ్చువఱకు మరల మరల అడుగుచుండుడు.